హఠాత్తుగా వెళ్లిపోయిన నాన్న

ఆసుపత్రికి వచ్చిన వాళ్లని మేము మొదట్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ అమ్మగారు, నాన్నగారు ఉన్నారా? లేకపోతే ఏ జబ్బుతో పోయారు?" చాలామంది వెంటనే జవాబు చెప్పేస్తారు. కొందరు మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. "నాన్నకి జబ్బేమీ లేదండీ. రాయిలా ఉండేవారు. హఠాత్తుగా పోయారు" అంటారు. పోయి ఇరవై ఏళ్లయినా ఆ మాట చెప్పేసరికి గొంతు పూడుకుపోయే వాళ్లని ఎందరినో చూశాను.

భోంచేసి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. బస్టాండులో నిలబడ్డ మనిషి ఉన్నపళంగా కూలిపోయాడు. పేపరు చదువుతూ చదువుతూ పక్కకి ఒరిగిపోయాడు. ఇలాంటి కథ లేని వీధి మన ఊళ్లలో ఉండదు. మంచం పట్టి పోయిన వారి విషయంలో ఇంట్లోవాళ్లకి మనసు కుదుటపరచుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. దగ్గరుండి సేవ చేశామన్న తృప్తి మిగులుతుంది. హఠాత్తుగా పోయిన తండ్రి పిల్లలకి ఆ రెండూ ఉండవు.

పాతికేళ్లుగా ప్రభుత్వాసుపత్రిలో ఈ జవాబు వింటున్నవాణ్ణి కనుక చెబుతున్నాను. "హఠాత్తుగా పోయారు" అన్న మాట వెనక రెండు విషయాలు దాగి ఉంటాయి. ఒకటి తీరని దుఃఖం. రెండోది తెలియని జబ్బు. మొదటిది పిల్లల మనసుని తినేస్తుంది. రెండోది, ఏమరుపాటుగా ఉంటే, పిల్లల ప్రాణం మీదికే రావచ్చు. గోడమీది ఫొటోకి దండ వేసినంత మాత్రాన నాన్నని తలచుకోవడం పూర్తి కాదు. ఆయన ఎలా పోయారో తెలుసుకోవడం కూడా ఆయన్ని తలచుకోవడమే.

హఠాత్తుగా అంటే ఏమిటి?

మన ఇళ్లలో ఇలాంటి చావుకి రకరకాల పేర్లున్నాయి. "గాలి సోకింది" అంటారు. "గ్యాసు గుండెకి ఎక్కింది" అంటారు. "పుణ్యాత్ముడు, అనాయాస మరణం" అంటారు. ఓదార్పు కోసం ఏ మాటన్నా తప్పులేదు. కాని శరీరం లోపల ఏదో ఒక కారణం లేకుండా ఏ ప్రాణమూ పోదు.

ఎక్కువ సందర్భాల్లో కారణం గుండె. గుండె కండరానికి రక్తం అందించే నాళాల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకనాడు ఆ కొవ్వు పొర చిట్లుతుంది. దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. దీన్ని గుండెపోటు అంటాం. గుండెపోటు వచ్చిన వాళ్లంతా వెంటనే పోరు. అయితే రక్తం అందని గుండె ఒక్కోసారి లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. మెదడుకి రక్తం ఆగిపోతుంది. మనిషి కొద్ది సెకన్లలోనే స్పృహ తప్పుతాడు. ఇది గుండె ఆగిపోవడం, అంటే కార్డియాక్ అరెస్ట్. మొదటిది గొట్టం పూడుకుపోవడం, రెండోది మోటారే ఆగిపోవడం అనుకోండి. హఠాన్మరణాల్లో చాలావరకు ఈ రెండోదాని వల్లే జరుగుతాయి.

ఇతర కారణాలూ ఉన్నాయి. రక్తపోటు బాగా ఎక్కువగా ఉన్నవారికి మెదడులో నరం చిట్లవచ్చు. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని గోడ చీలవచ్చు. కాలు విరిగో, ఆపరేషన్ జరిగో రోజుల తరబడి కదలకుండా ఉన్నవారికి కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి వెళ్లి అడ్డుపడవచ్చు. వయసు తక్కువ వారిలో పుట్టుకతో సంక్రమించిన గుండెకండరం జబ్బులు, గుండె లయకి సంబంధించిన లోపాలు కారణం కావచ్చు.

మరి "రాయిలా ఉండేవారు" అన్న మాట సంగతేమిటి? రక్తపోటు ఉన్నవారికి నొప్పి ఉండదు. కొలెస్టరాల్ పెరిగితే జ్వరం రాదు. చక్కెర వ్యాధి ఏళ్లపాటు ఏ బాధా లేకుండా ఉండగలదు. నాన్నగారు ఎన్నడూ డాక్టరు గుమ్మం ఎక్కలేదంటే ఆయనకి జబ్బు తెలియలేదని మాత్రమే అర్థం. జబ్బు లేదని కాదు.

"మేం బతికించుకోగలిగేవాళ్లమా?"

ఈ ప్రశ్న అడగని కొడుకూ కూతురూ నాకు తారసపడలేదు. కొందరు నోటితో అడుగుతారు. కొందరు కళ్లతో అడుగుతారు. "ఆ రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లి ఉంటే?" "ముందురోజు డబ్బు విషయంలో ఆయనతో గొడవపడకుండా ఉంటే?" "నేనే పూరీలు చేసి పెట్టానండీ, అందుకేనేమో?"

పూరీలు ఒక్కపూటలో రక్తనాళాలు మూసెయ్యవు. ఆ నాళాల్లో కొవ్వు పేరుకోవడం పది, ఇరవై ఏళ్ల పని. తండ్రీ కొడుకుల మధ్య మాటా మాటా రాని ఇల్లు లోకంలో లేదు. గొడవపడిన మర్నాడు పోయారు కనుక గొడవే గుర్తుంటుంది. ముందు గడిచిన వేల రోజులు గుర్తుకి రావు. గుండె ఆగిపోయిన తరవాత ఏ సాయమూ అందకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. నిద్రలో ఉన్న మనిషికి ఇలా జరిగితే పక్కమంచం మీద ఉన్నవాళ్లకి కూడా తెలియదు. ఆసుపత్రి పక్కవీధిలో ఉన్నా తేడా ఉండకపోవచ్చు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒక కుర్రాడి సంగతి చెబుతాను. రాత్రి 9 గంటలకి తండ్రి ఫోను చేశారు. పని ఒత్తిడిలో ఉండి తీయలేదు. పొద్దున చేద్దాంలే అనుకున్నాడు. తెల్లవారుజామున పిడుగులాంటి కబురు. "నొప్పి వచ్చి నాకు చెప్పుకుందామని చేసి ఉంటారు డాక్టరుగారూ, నేను తీయలేదు" అని రెండేళ్లు కుమిలిపోయాడు. నిద్ర లేదు. తిండి సయించదు. ఒకసారి తల్లిని వెంట తీసుకురమ్మన్నాను. ఆవిడనే అడిగాను, ఆ రాత్రి ఆయన ఎందుకు ఫోను చేశారని. "సంక్రాంతికి ఏ రోజు బయల్దేరుతున్నాడో కనుక్కుందామని బాబూ. తీయకపోతే 'బిజీగా ఉన్నాడు పాపం' అని టీవీ పెట్టుకున్నారు" అందావిడ. రెండేళ్లుగా ఆ తల్లికి ఈ సంగతి తెలుసు. కొడుకు అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఒకరికి బాధ కలుగుతుందని ఒకరు నాన్న ఊసే ఎత్తకుండా రోజులు వెళ్లదీశారు. ఆ రోజు నా గదిలో ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. అదే ఆ అబ్బాయికి అసలైన మందు.

కాబట్టి మొదటి సలహా ఇదే. మాట్లాడుకోండి. ఆ చివరి రోజు ఏం జరిగిందో ఇంట్లో అందరూ ఒకచోట కూర్చుని ఒక్కసారైనా చెప్పుకోండి. ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క ముక్క ఉంటుంది. అవన్నీ కలిపితే చాలా నేరాలు నేరాలే కావని తేలిపోతుంది.

పదకొండో రోజు తరవాత

చావు జరిగిన ఇంటికి మొదటి పదిరోజులూ జనం వస్తారు. వంట ఎవరో చేస్తారు. పనులు ఎవరో చూస్తారు. ఇంట్లోవాళ్లు ఒకరకమైన మొద్దుతనంలో ఉంటారు. అసలు కష్టం అందరూ వెళ్లిపోయాక మొదలవుతుంది. సాయంత్రం వేళకి గేటు చప్పుడైనట్టు ఉంటుంది. నాన్న పిలిచినట్టు వినిపిస్తుంది. బజారులో వెనకనుంచి ఎవరినో చూసి ఆయనే అనిపిస్తుంది. ఇది పిచ్చి కాదు, దయ్యమూ కాదు. ఇన్నేళ్లు అలవాటుపడ్డ మెదడు కొత్త లెక్క నేర్చుకోవడానికి పట్టే సమయం. భయపడనక్కరలేదు.

ఈ రోజుల్లో అందరికంటే ముందు కనిపెట్టి చూడవలసింది అమ్మని. భర్త పోయిన దుఃఖంలో ఆవిడ తన బి.పి. మాత్రలు, చక్కెర మాత్రలు మరచిపోతుంది. ఎవరూ గుర్తుచెయ్యరు. తనవాళ్లు పోయిన తొలి రోజుల్లో, తొలి వారాల్లో బతికున్నవారికి గుండెపోటు వచ్చే ప్రమాదం మామూలుకంటే ఎక్కువని పరిశోధనల్లో తేలింది. విపరీతమైన దుఃఖంలో గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే జబ్బు కూడా ఒకటుంది. జపాన్ వైద్యులు 1990లో దీన్ని వర్ణించి, ఆ దేశంలో ఆక్టోపస్‌లని పట్టే కుండ ఆకారంలో గుండె ఉబ్బుతుందని టాకోట్సుబో అని పేరు పెట్టారు. నడివయసు దాటిన ఆడవారిలో ఇది ఎక్కువ. కనుక అమ్మ "ఛాతీ బరువుగా ఉంది" అంటే "దుఃఖం వల్ల, సర్దుకుంటుందిలే" అనకండి. ఇ.సి.జి. తీయించండి.

చిన్నపిల్లల దగ్గర "నాన్న ఊరెళ్లారు", "నిద్రపోతున్నారు" అని చెప్పడం మన అలవాటు. అది మంచిది కాదు. ఊరెళ్లిన నాన్న కోసం పిల్లవాడు ఎదురుచూస్తాడు. నిద్రపోయిన మనిషి లేవడని తెలిస్తే పడుకోవడానికి భయపడతాడు. "నాన్న చనిపోయారు. గుండె ఆగిపోయింది. ఇక రారు. నీవల్ల ఏమీ జరగలేదు. నేనున్నాను" అని చిన్నచిన్న మాటల్లో నిజమే చెప్పండి. "నీవల్ల కాదు" అన్న మాట మరీ ముఖ్యం. తను అల్లరి చేసినందుకే నాన్న పోయాడని లోలోపల నమ్మే పిల్లలు ఎందరో.

పెద్దకొడుకు విషయంలో మరో పొరపాటు చేస్తాం. పదహారు, పదిహేడేళ్ల కుర్రాడి భుజం తట్టి "ఇక ఇంటికి మగదిక్కువి నువ్వే, ఏడవకూడదు" అంటాం. వాడు ఏడుపు దిగమింగుకుంటాడు. మింగిన ఏడుపు ఎక్కడికీ పోదు. చదువులో వెనకబడటంగానో, కోపంగానో, కొన్నేళ్లకి తాగుడుగానో బయటికి వస్తుంది. వాణ్ణి ఏడవనివ్వండి.

దుఃఖం మందు వేసి తగ్గించే జబ్బు కాదు. కాలం గడిచేకొద్దీ చాలామందిలో దానంతటదే నెమ్మదిస్తుంది. అయితే ఏడాది దాటినా పని చేసుకోలేకపోవడం, నాన్న తలపు తప్ప మరేదీ పట్టకపోవడం, వారాల తరబడి నిద్రాహారాలు లేకపోవడం, తాగుడు పెరగడం ఉంటే డాక్టరుని కలవాలి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్‌కి 14416 నంబరు మీద ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు ఖర్చు లేదు.

ఒక తండ్రి మరణం, మూడు తరాల పాఠం

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న పోయారు. అప్పటికి ఆయనకి 63 ఏళ్లు. చిత్రకారిణి బొమ్మ గీస్తుండగా కూర్చున్న మనిషి తల వెనకభాగాన భరించలేని నొప్పి అని స్పృహ తప్పారు. మెదడులో రక్తస్రావమై కొద్ది గంటల్లోనే ప్రాణం పోయింది. దేశమంతా హఠాన్మరణమనే అనుకుంది. కాని అంతకు ఏడాది ముందే, 1944 మార్చిలో, తండ్రి నీరసం చూసి ఆదుర్దాపడ్డ కూతురు అన్నా పట్టుబట్టి పరీక్ష చేయించింది. అప్పుడు ఆయన రక్తపోటు 186/108. గుండె కూడా బలహీనపడి ఉంది. ఆ రోజుల్లో రక్తపోటుని అదుపుచేసే మంచి మందులు లేవు. వయసుతో పాటు పెరగడం సహజమేనని చాలామంది వైద్యులే అనుకునేవారు. తెలిసినా కాపాడే మార్గం లేకపోయింది.

ఆ తరవాత 1948లో అమెరికా ప్రభుత్వం గుండెజబ్బుల మీద పరిశోధనకి చట్టం చేసింది. ఆ ఏడాదే ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో 5,209 మంది స్త్రీ పురుషుల్ని ఎంచుకుని, క్రమం తప్పకుండా పరీక్షించడం మొదలుపెట్టారు. 1971లో వారి పిల్లల్ని చేర్చుకున్నారు. 2002లో మనవల్ని చేర్చుకున్నారు. రక్తపోటు, కొలెస్టరాల్, పొగతాగడం గుండెజబ్బుకి దారితీస్తాయని ఈనాడు మీకు ప్రతి డాక్టరూ చెబుతున్నాడంటే అందులో ఆ పట్టణం వాళ్ల పాత్ర ఎంతో ఉంది. చిన్నవయసులోనే తండ్రికో తల్లికో గుండెజబ్బు వచ్చి ఉంటే పిల్లలకి వచ్చే ప్రమాదం సుమారు రెట్టింపు అని కూడా ఆ కుటుంబాల పరిశీలనలోనే తేలింది.

చిన్నవయసు అంటే ఎంత? తండ్రికి గాని, సొంత అన్నదమ్ములకి గాని 55 ఏళ్లలోపు. తల్లికి గాని, అక్కచెల్లెళ్లకి గాని 65 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తే ఆ కుటుంబంలో ఆ జబ్బు వారసత్వం ఉన్నట్టు లెక్క. పైగా మన దక్షిణాసియా దేశాల వారికి మొదటి గుండెపోటు ఇతర దేశాల వారికంటే సగటున ఐదారేళ్లు ముందుగానే వస్తోంది.

నాన్న పోయిన వయసు

తండ్రిని చిన్నప్పుడే పోగొట్టుకున్నవారిలో ఒక రహస్య భయం ఉంటుంది. ఆయన పోయిన వయసు తమకి దగ్గరపడుతుంటే అది మొదలవుతుంది. బయటికి చెప్పుకోరు. ఇల్లు కట్టుకునే ఆలోచన వాయిదా వేస్తారు. కారణం లేకుండా విసుక్కుంటారు. ఛాతీలో చిన్న కలుక్కుమంటే చెమటలు పోసేస్తాయి.

2019లో ఒక బ్యాంకు ఉద్యోగి నా దగ్గరికి వచ్చారు. ఆయనకి 48 ఏళ్లు. తండ్రి మండలాఫీసులో గుమాస్తాగా చేస్తూ 1989లో 49వ ఏట నిద్రలోనే పోయారు. "ఇంకో ఏడాది ఉందండీ నాకు" అన్నారు నవ్వుతూ. కళ్లలో నవ్వు లేదు. నాన్నకి ఏ జబ్బు ఉండేదని అడిగితే అందరి మాటే చెప్పారు. జబ్బేమీ లేదు, రాయిలా ఉండేవారు అని. ఆయన వస్తువులు ఏమన్నా ఉన్నాయా అని అడిగాను. కళ్లజోడు, గడియారం, ఇంటి ఖర్చులు రాసుకున్న పద్దుల పుస్తకం ఉన్నాయన్నారు. ఆ పుస్తకం ఒకసారి చూసి రమ్మన్నాను.

వారం తరవాత పుస్తకం పట్టుకునే వచ్చారు. చివరి రెండు నెలల పేజీల్లో బియ్యం, కిరసనాయిలు, పిల్లల ఫీజుల మధ్య "గ్యాసు మాత్రలు", "సోడా" అని పదకొండు చోట్ల ఉంది. అంతకుముందు పేజీల్లో ఎక్కడా లేదు. రోజూ సిగరెట్ల ఖర్చు మాత్రం మొదటి పేజీ నుంచీ ఉంది. ఆయనకి పోవడానికి రెండు నెలల ముందునుంచే ఛాతీలో ఇబ్బంది ఉండి ఉంటుందనీ, దాన్ని గ్యాసు అనుకుని ఉంటారనీ నా అనుమానం. ముప్ఫై ఏళ్లనాటి చావుకి ఇప్పుడు రుజువులేమీ లేవు. కాని అనుమానానికి ఆ పద్దులు చాలు. కొడుకుని పరీక్ష చేస్తే రక్తపోటు 160/100 ఉంది. చెడు కొలెస్టరాల్ బాగా ఎక్కువగా ఉంది. ఆయనకి ఏ బాధా లేదు. తండ్రిలాగే రాయిలా ఉన్నారు!

మందులు మొదలుపెట్టాం. తండ్రి అలవాటే వచ్చిన సిగరెట్లు రెండు ప్రయత్నాల తరవాత మానేశారు. పొద్దున్నే నడక మొదలుపెట్టారు. ఇప్పుడు యాభై దాటారు. "నాన్నకంటే నేనే పెద్దవాణ్ణయ్యానండీ. అద్దంలో చూసుకుంటే ఈ వయసులో ఆయన ఇలా ఉండేవారేమో అనిపిస్తుంది" అన్నారు మొన్న వచ్చినప్పుడు. వారసత్వం అంటే తలరాత కాదు. ముందుగా అందిన హెచ్చరిక. తండ్రి జీన్స్‌ని మార్చుకోలేం గాని రక్తపోటునీ, కొలెస్టరాల్‌నీ, పొగాకునీ అదుపులో పెట్టుకోగలం. ఆనాటి గుమాస్తాగారికి అందని మందులు ఈనాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూడా దొరుకుతున్నాయి.

నాన్న పేరుతో ఒక పేజీ

ప్రతి ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. నాన్న పేరుతో ఒక పేజీ, తాతగారి పేరుతో ఒక పేజీ. మేనత్తలు, బాబాయిలు, పెదనాన్నలకీ తలొక పేజీ. ఈ సంగతులు రాయండి.

ఏ వయసులో పోయారు? ఆ రోజు ఏం చేస్తుండగా జరిగింది? ముందు వారాల్లో ఛాతీ బరువు, ఆయాసం, ఎడమ చెయ్యి లాగడం, దవడ నొప్పి, తిరగని "గ్యాసు", విపరీతమైన తలనొప్పి, ఎప్పుడైనా స్పృహ తప్పడం ఉన్నాయా? బి.పి., చక్కెర ఉండేవా? పొగాకు, మద్యం అలవాట్లున్నాయా? పాత మందుల చీటీలు, ఇ.సి.జి. కాగితాలు ఉంటే ఆ పేజీలోనే అంటించండి. ఈ సంగతులు తెలిసిన పెద్దవాళ్లు బతికుండగానే అడగండి. ఊళ్లో ఉన్న మేనత్తకి తెలిసినంత డాక్టర్లకి కూడా తెలియదు.

ఆసుపత్రిలో పోతే మరణకారణం రాసిన ధ్రువపత్రం అడిగి తీసుకోండి. 2023లో జనన మరణాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం దాని ప్రతిని దగ్గరి బంధువులకి ఇవ్వాలి. ఇక పోస్టుమార్టం అనగానే మనవాళ్లు ఒప్పుకోరు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కాని నలభై ఏళ్లలోపు మనిషి ఏ కారణమూ తెలియకుండా పోయినప్పుడు అదొక్కటే అసలు సంగతి చెప్పగలదు. లాల్ బహదూర్ శాస్త్రిగారు 1966 జనవరి 11న తాష్కెంట్‌లో గుండెపోటుతో పోయారని ప్రకటించారు. పోస్టుమార్టం జరగలేదు. దశాబ్దాలు గడిచినా ఆయన కుటుంబం అనుమానం వ్యక్తం చేస్తూనే ఉంది. ఆ వివాదంలోకి మనం పోనక్కరలేదు. కారణం రూఢి కాని చావు పిల్లల్ని ఎంతకాలం వెంటాడుతుందో గ్రహిస్తే చాలు.

ఆ పేజీ రాయడం అయ్యాక పరీక్షలు. 18 ఏళ్లు నిండిన పిల్లలందరూ ఒకసారి రక్తపోటు, కొలెస్టరాల్ చూపించుకోవాలి. కుటుంబంలో చిన్నవయసు గుండెజబ్బు ఉంటే ఇంకా ముందే చూపించాలి. చక్కెర పరీక్ష, లైపోప్రొటీన్-ఎ అనే రక్తపరీక్ష కూడా చేయించడం మంచిది. ఈ రెండోది జీవితంలో ఒకసారి చేయిస్తే చాలు. నాన్న నలభై లోపు పోయినా, ఆటలాడుతూనో పరుగెడుతూనో పడిపోయినా, ఇంట్లో మరొకరు అలాగే పోయినా పిల్లలందరికీ ఇ.సి.జి., ఎకో తప్పనిసరి. గుండెకండరం మందంగా పెరిగే ఒక జబ్బు తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. కొడుకులకే కాదు, కూతుళ్లకీ అంతే. "ఆడపిల్లకి ఎందుకులే" అని వదిలెయ్యకండి.

ఆబ్దికం నాడు ఒక గంట

ఏటా తద్దినానికో, వర్ధంతికో, ఆండుకో, ప్రార్థనకో అందరూ ఒకచోట చేరతారు. భోజనాలయ్యాక ఒక గంట నాన్న కోసం కేటాయించండి. ఆయన కబుర్లు చెప్పుకోండి. కోపం వచ్చినప్పుడు ఎలా ఉండేవారో, ఏ కూర ఇష్టమో, ఎవరికి రహస్యంగా డబ్బు సాయం చేశారో చెప్పుకోండి. మనవలు వింటారు. ఫోనులో ఆయన గొంతు ఉంటే భద్రపరచండి. ఆ గంటలోనే అందరి రక్తపోటు చూసి పుస్తకంలో రాయండి. బి.పి. యంత్రం ఇంట్లో ఒకటి ఉంటే సరిపోతుంది.

ఆ రోజే ఇంకో పని చెయ్యండి. గుండె ఆగిన మనిషికి ఏం చెయ్యాలో అందరూ నేర్చుకోండి. మనిషి పడిపోయాడు, పిలిస్తే పలకడు, ఊపిరి లేదు లేదా ఎగశ్వాస తీస్తున్నాడు. వెంటనే ఒకరు 108కి ఫోను చెయ్యాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఈ అంబులెన్సు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఇంకొకరు మనిషిని గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ ఆనించి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా 5 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి, వదలాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. సాయం వచ్చేదాకా ఆపకూడదు. మొహాన నీళ్లు కొట్టడం, తాళాలు చేతిలో పెట్టడం, నోట్లో నీళ్లు పొయ్యడం చెయ్యకండి. మెలకువగా ఉండి ఛాతీ నొప్పి అంటున్న మనిషినైతే నడిపించకండి, బండిమీద కూర్చోబెట్టుకుని తిప్పకండి. కూర్చోబెట్టి 108ని పిలవండి.

మీరు నేర్చుకున్న ఈ విద్య మీ నాన్నని తిరిగి తేలేదు. పక్కింటి పిల్లల నాన్నని మిగల్చవచ్చు.

తండ్రులకి ఒక మాట

ఇంతవరకు పిల్లలతో మాట్లాడాను. ఈ పేజీ చదువుతున్న తండ్రులకి కూడా ఒక మాట చెప్పాలి. మీలో చాలామందికి నొప్పి దాచుకోవడం గొప్ప అలవాటు. పిల్ల పెళ్లి అయ్యేదాకా, కొడుకు పరీక్షలు అయ్యేదాకా, అప్పు తీరేదాకా అని ఛాతీ బరువుని జేబులో పెట్టుకుని తిరుగుతారు. "వాళ్లని కంగారుపెట్టడం ఎందుకు" అంటారు. మీరు కంగారుపెట్టకుండా వెళ్లిపోతే వాళ్లు పాతికేళ్లు కంగారుపడుతూనే ఉంటారు. వాళ్లు నా దగ్గరికి వచ్చి, "జబ్బేమీ లేదండీ" అని చెప్పి కళ్లు తుడుచుకోవడం నేను చూస్తున్నాను.

మెట్లెక్కుతుంటే ఛాతీ బిగుసుకుని, ఆగితే తగ్గుతోందా? ఈ వారమే ఇ.సి.జి. తీయించుకోండి. కూర్చున్నా తగ్గని నొప్పి అయితే వారం కాదు, ఈ నిమిషమే బయల్దేరండి. మీ మాత్రల పేర్లు, మీ బి.పి. అంకెలు, మీ నాన్నగారు ఎలా పోయారన్న సంగతి ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలకి చెప్పండి. ఆ నోటు పుస్తకంలో మీ పేజీ మీ చేతిరాతతోనే ఉండటం మంచిది.